బుగ్గన లవంగం

కొరకకూడదు, లవంగాన్ని కొరకనే కూడదు, బుగ్గన పెట్టుకొని మరిచిపోవాలి, అదే మెల్లగా ఊరి నోరంతా సర్దుకుంటుంది అని దోస్తు ఇస్తారి మరీ మరీ చెప్పి పంపాడు, చెప్పినంతసేపూ ఎల్లేశం తలూపాడు, కానీ పెద్దపల్లిలో బస్సెక్కేటప్పుడు వెనకనుంచి ఎవరిదో వడ్ల మూట వీపుకు తగిలింది, పళ్ళు టక్కున కలిశాయి, లవంగం రెండు ముక్కలైంది, ఇప్పుడు నాలుక సగం తనది, సగం ఎవరిదో, కళ్ళలో నీళ్ళు, పక్కన కూర్చున్న ముసలాయన చూసి ఎవలన్న పోయిండ్రా కొడుకా అని అడిగాడు, లేదు తాతా, పెండ్లాన్ని, బిడ్డను తోల్కరాను పోతున్న, మంథనికి అన్నాడు ఎల్లేశం, అనేటప్పుడు మాత్రం మొహం కిటికీ వైపు తిప్పి అన్నాడు, ఈ రెండు నెలల్లో అదొక అలవాటైపోయింది, ఎవరితో మాట్లాడినా మాట ఒక దిక్కు మొహం ఒక దిక్కు, బెల్లంపల్లిలో తోటి బొగ్గుబాయి కూలీలు వీడికి మెడ పట్టిందేమో అనుకున్నారు, ఒకడు వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకొమ్మన్నాడు కూడా, ఏం చెబుతాడు, మెడ కాదురా, నోరు అని చెబుతాడా, ముసలాయన మాత్రం మంచివాడు, బిడ్డను తోల్కరాను పోతూ ఏడ్సుడేంది పిచ్చోడా, నవ్వుకుంట పోవాలె అని తొడ మీద తట్టాడు.

నవ్వుకుంటూనే పోవాలి, పోయినసారి నవ్వుకుంటూనే పోయాడు, అదే కదా వచ్చిన చిక్కు, మూడో నెల పాప, తెల్లగా, గుండ్రంగా, జొన్నపిండి ముద్దలాగా చాప మీద పడి ఉంది, చనిపోయిన తన తల్లి పేరే పెట్టుకున్నారు, ఐలవ్వ, ఇంత చిన్న మనిషికి అంత ముసలి పేరు, పిలిస్తే ఎల్లేశానికే నవ్వొస్తుంది, పెండ్లాం అనసూర్య పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉంది, ఆడపిల్ల కాన్పు అయి అత్తగారింటికి తిరిగి పోయే రోజున బిడ్డను తండ్రే ఎత్తుకొని గడప దాటాలి, దాటేటప్పుడు బిడ్డ ఏడవకూడదు, ఏడిస్తే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది, మరి సరి నెలలో పోకూడదు కాబట్టి మూడు తప్పితే ఐదు, ఐదు తప్పితే ఏడు, ఇదెక్కడి చట్టమో, నిజాం రాజ్యం పోయి ఇన్నేళ్ళయినా అత్త రాజ్యం పోలేదు, ఆ రోజు ఎల్లేశం రెండు చేతులా పాపను ఎత్తుకొని, మొహం దగ్గరికి తెచ్చుకొని, తన తల్లిని పిలిచినట్టే అవ్వా అని పిలిచాడు, అంతే, పాప మూతి వంకర పోయింది, కనుబొమలు ముడిపడ్డాయి, తల అటు తిప్పేసుకుంది, ఆ వెనక ఎత్తుకున్న రాగం గోదావరి అవతలి ఒడ్డుకు కూడా వినిపించే ఉంటుంది, అత్త వచ్చి బిడ్డను చేతుల్లోంచి తీసుకొని ఐదో నెలకు చూద్దాం తియ్ అల్లుడా అన్నది, తలుపు చాటున ఉన్న మరదలు యాదవ్వ ఊరుకుందా, బావ నోరు తంబాకు కంపు కొడ్తున్నది, గందుకే పోరికి పడ్తలేదు అని కిసుక్కున నవ్వింది, పదిహేనేళ్ళ పిల్ల, బావతో పరాచికాలాడటం దాని హక్కు, ఎల్లేశం కూడా పైకి నవ్వాడు, కానీ అప్పుడు అనసూర్య వైపు చూశాడు, అనసూర్య అవునని అనలేదు, కాదనీ అనలేదు, నేల చూసి కొంగు సర్దుకుంది, ఆ కొంగు సర్దుకోవడమే ఈ రెండు నెలలు ఎల్లేశం ప్రాణం తోడేసింది.

తంబాకు తనేమన్నా సోకుకు తిన్నాడా, బాయి మొగదల జవాను జేబులన్నీ తడుముతాడు, బీడీ ముక్క దొరికినా, అగ్గిపుల్ల దొరికినా అంతే సంగతులు, లోపల నిప్పు అన్న మాటే కూడదు, మరి మనిషన్నవాడు ఆ చీకట్లో, ఆ ఉక్కపోతలో, నడుము వంచి బొగ్గు ఎత్తుతూ పూటంతా ఉత్త నోటితో ఎట్లా ఉంటాడు, అరచేతిలో ఇంత తంబాకు, చిటికెడు సున్నం, బొటనవేలితో నలిపి కింది పెదవి వెనక పెట్టుకుంటే చాలు, ప్రాణం లేచి వస్తుంది, అందరూ అంతే, అందరి నోళ్ళూ ఒకటే వాసన, కాబట్టి ఎవరికీ ఎవరి వాసనా తెలియదు, ఎవరి కంపు వారికింపు అని ఊరికే అన్నారా, కానీ అనసూర్య బాయిలో లేదే, అనసూర్య ఆ రేకుల క్వార్టర్లో రెండేళ్ళు తనతో కాపురం చేసింది, ఆకిట్లో పక్కపక్కనే మంచాలు, ఆమె ఎటు తిరిగి పడుకునేది, గోడ వైపా, తన వైపా, ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాదు, ఒక రోజు తన వైపు ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంకో రోజు గోడ వైపు, అయినా పడుకుంటే చాలు చచ్చినట్టు నిద్రపోయే మనిషికి పెండ్లాం ఎటు తిరిగిందో ఎట్లా తెలుస్తుంది, పాపం ఎన్ని రోజులు ముక్కు మూసుకొని ఉందో, ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు, బంగారం లాంటి పిల్ల, వేపపుల్ల మాత్రం రోజూ పొద్దున్నే విరిచి చేతికిచ్చేది, అందరి పెండ్లాలూ ఇస్తారనుకున్నాడు, అందులో ఇంత అర్థం ఉందని అప్పుడు తోచలేదు, ఒక్కోసారి పెరుగు ఇంకో గరిటె వేసి, తిను, మంచిది అనేది, అది కూడా అదేనేమో, ఇప్పుడు వెనక్కి చూస్తే ప్రతి ముద్దలోనూ నోటి సంగతే కనిపిస్తున్నది.

మంథని నుంచి తిరిగి పోయిన మర్నాడే తంబాకు డబ్బా తీసుకుపోయి ఇస్తారికి ఇచ్చేశాడు, ఇస్తారి బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పనిచేస్తాడు, డబ్బా తెరిచి చూసి, ఏందిరా, సన్యాసం పుచ్చుకుంటున్నవా అన్నాడు, సంగతి చెప్పాక మాత్రం నవ్వలేదు, నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటదంటరు, నీ ఊరు ఇప్పుడు నీ బిడ్డనే కదరా అన్నాడు, అని లవంగాల మందు చెప్పాడు, చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఆ మాట ఎట్లా పొక్కిందో ఏమో పక్క క్వార్టర్ లింగవ్వ దాకా పోయింది, ఆమెది ఆసిఫాబాద్ అవతల, మాటల్లో సగం మరాఠీ దొర్లుతుంది, లవంగం వేడి చేస్తది, ఓవా నములు బాపూ, ఓవా అని పిడికెడు వాము తెచ్చి చేతిలో పోసింది, పొద్దున పరగడుపున వాము, అన్నం తిన్నాక సోంపు, సాయంత్రం పచ్చి పుదీన, నడుమ నడుమ కొత్తిమీర కాడలు, ఇదంతా ఆమె ఏర్పాటు, బజారులో హకీం సాబు దానిమ్మ తొక్కలు ఎండబెట్టి, కాచి, ఆ నీళ్ళు పుక్కిలించమన్నాడు, అడవి నుంచి కట్టెలమోపు తెచ్చే ముసలామె కరక్కాయ ముక్క చప్పరించమంది, అది నోట్లో పెట్టుకుంటే లోకమంతా వగరెక్కి పోయింది, కాసేపటికి నీళ్ళు తాగితే మాత్రం ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయి, అది ఒక్కటే సుఖం, దోరజామకాయ బాగా నమిలితే పళ్ళ సందులన్నీ శుభ్రమవుతాయని ఇంకెవరో అన్నారు, జామకాయలూ వచ్చాయి, ఉల్లిగడ్డ మానేశాడు, ఎల్లిపాయ మానేశాడు, ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చెయ్యదంటరు, గా ఉల్లినే ఇడిసిండు, ఏం మొగోడో అని లింగవ్వ తన మొగుడితో అంటుంటే గోడ ఇవతలికి వినిపించింది, ఆ ఇల్లాలి గొంతులో వెక్కిరింత లేదు, మెచ్చుకోలే ఉంది, తంబాకు మానిన మొదటి వారం మాత్రం దేవుడు కనిపించాడు, తల పగిలిపోయేది, చేతులు వణికేవి, లోపల బొగ్గు ఎత్తుతుంటే పక్కవాడు అరచేతిలో సున్నం నలిపిన చప్పుడు పిడుగులా వినిపించేది, అప్పుడు బుగ్గన ఉన్న లవంగాన్ని నాలుకతో అటు నుంచి ఇటు తోసుకొని, ఐలవ్వ, ఐలవ్వ, అనుకునేవాడు, జపం చేసినట్టే చేశాడు.

ఇంత చేసినా నోరు బాగైందో లేదో ఎట్లా తెలిసేది, అరచెయ్యి మూతికి అడ్డం పెట్టి ఊది వాసన చూసుకుంటే చెయ్యి వాసనే వస్తుంది, ఒక సాయంత్రం షిఫ్టు దిగాక ఇస్తారిని గోడ చాటుకు పిలిచి, జర చూడరా అని మొహం మీద హా అని ఊదాడు, ఇస్తారి కళ్ళు మూసుకొని, పెండ్లి చూపుల్లో పిల్ల తండ్రిలాగా గంభీరంగా నిలబడి, కిరాణ దుకాణం తెర్సినట్టున్నదిరా అన్నాడు, అది చాలు, ఆ మాటకే ఎల్లేశానికి ఆకాశం అందినట్టయింది, ఇదిగో ఇప్పుడు ఒడిలో తువ్వాలు మూట, అందులో తడిగుడ్డ చుట్టిన పుదీన కట్ట, నాలుగు జామకాయలు, సోంపు పొట్లం, దారికి సరిపడా యాలకులు, లవంగాలు, పక్కన ముసలాయన జామకాయ వంక చూస్తున్నాడు, ఎల్లేశం ఒకటి చేతికిచ్చాడు, నాకు పండ్లు యాడున్నయి కొడుకా, చిన్నబిడ్డకు ఇద్దువు తియ్ అని మళ్ళీ మూటలోనే పెట్టేశాడు, అయిదు నెలల బిడ్డకు జామకాయ, మా ఐలవ్వకు కూడా పళ్ళు లేవు తాతా, మీరిద్దరూ ఒక జోడు అనుకున్నాడు ఎల్లేశం, పైకి అనలేదు, నోరు తెరవాలంటే మళ్ళీ కిటికీ వైపు తిరగాలి, బస్సు ఎక్కడో ఒకచోట ఆగింది, డ్రైవర్ దిగి ఇంజన్‌లో నీళ్ళు పోస్తున్నాడు, పొలాల్లో వరి నడుముల దాకా ఎదిగి ఉంది, ఎండ పైకి వస్తున్నది, అత్త చెప్పి పంపిన మంచి ఘడియ మధ్యాహ్నం లోపలే, ఆలస్యమవుతుందేమో, పాప మళ్ళీ ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏడో నెల, ఆ రేకుల క్వార్టర్లో ఇంకో రెండు నెలలు ఒంటరిగా, తనే గింత అన్నం వండుకొని, తనే తిని, ఊయల కోసం దూలానికి కట్టిన తాడు ఖాళీగా గాలికి ఊగుతుంటే చూస్తూ, వద్దు, ఆ ఆలోచనే వద్దు, రెండు లవంగాలు, ఒక యాలక్కాయ, గుప్పెడు సోంపు, నాలుగు రెమ్మల పుదీన అన్నీ ఒకేసారి నోట్లో వేసుకున్నాడు, ఎంత వేస్తే అంత మంచిది కదా.

మంథనిలో దిగి, సందు మలుపు తిరిగి, ఇంటి ముందు కాళ్ళు కడుక్కుంటుంటే గుండె కొట్టుకోవడం తనకే వినిపించింది, బాయిలోకి మొదటిసారి దిగిన రోజు కూడా ఇట్లా కొట్టుకోలేదు, యాదవ్వ చెంబు అందిస్తూ ముక్కుపుటాలు ఎగరేసి, బావా, ఇదేం వాసన, పెండ్లి బువ్వ ఏమన్న తిన్నవా అన్నది, ఎల్లేశం గెలిచినట్టు నవ్వాడు, చూశావా అనుకున్నాడు, అత్త ఎదురొచ్చి, మంచిగున్నవా అల్లుడా, మొఖమేంది గట్ల పీక్కపోయింది అంటే మంచిగనే ఉన్న అత్తా అని ఈసారి మొహం తిప్పకుండా, సూటిగా, నోరంతా తెరిచి చెప్పాడు, అత్త ఒక అడుగు వెనక్కి వేసింది, వేస్తే వేసింది, అనసూర్య వంటింటి గుమ్మంలో కనిపించింది, ఒళ్ళు చేసింది, నుదుట పెద్ద బొట్టు, ప్రయాణానికి కట్టుకున్న కొత్త చీర, కళ్ళతోనే పలకరించింది, అందరి ముందూ అంతకన్నా ఎట్లా పలకరిస్తుంది, ఆ చూపులో ఎంత ఎదురుచూపు ఉందంటే ఎల్లేశం నేల చూడాల్సి వచ్చింది, గుమ్మం పక్కన సర్దిపెట్టిన రేకుపెట్టె, బిడ్డ బొంతలు, పాల చెంబు, అన్నీ సిద్ధం, ఇక బిడ్డ ఏడవకుండా ఉండటమే తరువాయి, బిడ్డ ఎక్కడ అని చూస్తే అరుగు మీద ముత్తయ్య మామ, ఒడిలో ఐలవ్వ.

ముత్తయ్య మామ నోటి సంగతి మంథని అంతటికీ తెలుసు, చుట్ట ఆరిపోయినా పెదవుల మధ్యనుంచి తీయడు, పొద్దున ఎల్లిపాయ కారంతో సద్ది తింటాడు, పళ్ళు సగం రాలిపోయాయి, మిగిలినవి నల్లగా ఉన్నాయి, ఆయన ఎదురుగా వచ్చి మాట్లాడితే ఎడ్ల బేరగాళ్ళు కూడా బేరం తొందరగా తెగ్గొడతారని అత్తే అంటుంది, కట్టుకున్న ఆమె అనకపోతే ఎవరంటారు, అట్లాంటి మామ మొహం మీద మొహం పెట్టి ఐలవ్వ కిలకిలా నవ్వుతున్నది, చుట్ట పక్కన పెట్టి మామ బూ అని ఊదితే ఆ గాలికి కళ్ళు చికిలించి, కాళ్ళు తన్ని, మళ్ళీ ఊదమని మీదికి ఎగబడుతున్నది, ఆయన కింది పెదవిని రెండు చేతులా పట్టుకొని గుంజుతున్నది, ఆ పెదవిని తన నోట్లో పెట్టుకుందామని చూస్తున్నది, ఎల్లేశం అది చూశాడు, చూసి కూడా అర్థం చేసుకోలేదు, తాత కదా, అలవాటు అనుకొని ముందుకు నడిచాడు, మనిషికి ఒక ఆలోచన పట్టుకుంటే ఎదురుగా ఏనుగు నిలబడినా కనిపించదు.

ఘడియ దాటుతున్నది, పట్టు అల్లుడా అన్నది అత్త, మామ లేచి లోపలికి తెచ్చి బిడ్డను చేతుల్లో పెట్టాడు, ఎంత బరువెక్కింది, ఎంత వెచ్చగా ఉంది, నెత్తి మీద పలచని జుట్టులోంచి ఆముదం వాసన, బొగ్గు తట్టలు ఎత్తిన చేతులతో ఎల్లేశం బిడ్డను పొదివి పట్టుకొని గడప ముందుకు వచ్చాడు, ఒక కాలు ఎత్తాడు, పాప పెద్ద పెద్ద కళ్ళతో తననే చూస్తున్నది, ఏడవలేదు, నిజంగా ఏడవలేదు, ఆ సంతోషం పట్టలేక మొహం దగ్గరికి తెచ్చుకొని అవ్వా అన్నాడు, లవంగం, యాలక, సోంపు, పుదీన, వాము, కిరాణ దుకాణమంతా కలిసి పాప ముక్కులోకి పోయింది, పాప ముక్కు ముడుచుకుంది, నోరు తెరిచింది, ఒక్క క్షణం ఆగి, అచ్, అని తుమ్మింది, ఒకటే తుమ్ము, ఒంటితుమ్ము, ఆగు అని అత్త కేక, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది, ఇంకోటి తుమ్ము బిడ్డా, జోడు తుమ్మితే మంచిదే, ఇంకొక్కటి అని యాదవ్వ బతిమాలింది, పాప తుమ్మలేదు, ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగి, తనను ఎత్తుకున్న ఈ మనిషి ఎవరా అన్నట్టు ఒకసారి చూసి, మూతి వంకర పెట్టి, రెండు నెలల కింద ఆపిన చోటునుంచే రాగం మళ్ళీ అందుకుంది, మామ చేతులు చాచగానే అటు దూకింది, ఆయన మెడలో మొహం దాచుకుంది, అంతే, ఏడుపు మాయం.

ఎల్లేశం అరుగు మీద కూలబడ్డాడు, లోపల ఏదో కూలింది, బాయిలో పైకప్పు కూలినట్టు, అత్త లోపల పంచాంగం తెలిసిన అయ్యగారి దగ్గరికి ఎవరిని పంపాలా అని గొణుగుతున్నది, అనసూర్య మజ్జిగ చెంబు తెచ్చి పక్కన పెట్టింది, చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకొని, చిన్నగా, ఏం తిన్నవయ్యా అని అడిగింది, అడుగుతుంటేనే నవ్వు ఆగడం లేదు, ఎల్లేశం చెప్పాడు, తంబాకు ఇడిసిన, రెండు నెలలాయె, లవంగాలు, ఓవా, దానిమ్మ తొక్కలు, అన్నీ చేసిన, ఇంక ఏం చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు అనసూర్యా, నా నోరంటెనే నా బిడ్డకు పడ్తలేదు అన్నాడు, అనసూర్య నవ్వు ఆపింది, ఓ పిచ్చి మొగడా, యాదవ్వ మాట పట్టుకొని గింత పరేషాన్ అయినవా అన్నది, మరి ఆనాడు నువ్వేమనకపోతివి, కొంగు సర్దుకుంటివి అంటే, ప్రయాణం ఆగిపాయెనని నాకు ఏడుపొస్తుంటే కండ్లు తుడుసుకున్న, అవ్వ చూస్తె తిడ్తదని అన్నది, ఆగి, మజ్జిగ చెంబును అటూ ఇటూ జరిపి, నీ నోరు కంపు కొడ్తది, కొట్టకేం చేస్తది, తంబాకు తిన్నోని నోరు మల్లెపూల వాసనొస్తదా, గా వాసన లేక గిన్ని నెలలు నాకు సక్కగ నిద్ర పట్టలే అన్నది, అనేసి, అన్నందుకు తనే సిగ్గుపడి, చెంబు అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

మజ్జిగ చల్లగా ఉంది, నాలుక మంట కాస్త దిగింది, తన వైపే తిరిగి పడుకునేది అన్నమాట, గోడ వైపు కాదు, ఎల్లేశం గోడకు ఆనుకున్నాడు, అరుగు అవతలి కొసన మామ వెల్లకిలా పడుకున్నాడు, ఆయన రొమ్ము మీద బోర్లా పాప, చుట్ట నోటికి జానెడు దూరంలో పాప ముక్కు, ఆ ఊపిరికి ఆ ఊపిరి కలిసి, నోటినుంచి చొంగ కారుతూ నిద్రపోతున్నది, ఇంత సుఖంగా నిద్రపోవడం ఎల్లేశం ఎక్కడో చూశాడు, చూడలేదు, తనే అట్లా నిద్రపోయాడు, చిన్నప్పుడు, అవ్వ పక్కలో, అవ్వ తంబాకు కాల్చి పొడి చేసి రోజూ దానితోనే పళ్ళు తోముకునేది, తోముకున్న దానికన్నా నోట్లో ఉంచుకున్నదే ఎక్కువ, నల్లటి పళ్ళు, నవ్వితే ఆ వాసన గుప్పుమనేది, జొరం వచ్చిన రోజుల్లో నుదుటి మీద నుదురు పెట్టి, ఉన్నదా నాయినా, తగ్గిందా నాయినా అని అడిగేది, ఆ మాటతో పాటు ఆ కాలిన తంబాకు వాసన మొహమంతా కప్పేది, దాన్ని కంపు అనుకున్నాడా ఏనాడన్నా, అది అవ్వ, అంతే, ఆ వాసన వస్తే చీకట్లో కూడా భయం లేదు, బాయిలో మొదటిసారి తంబాకు పెదవి వెనక పెట్టుకున్నప్పుడు ప్రాణం లేచివచ్చింది తంబాకుకా, అవ్వకా, అవ్వ లవంగాలు తిని తనను ఎత్తుకుందా, ఏ హకీం దగ్గరికి పోయింది, ఏమీ చేయలేదు, పొద్దున లేస్తే ఉంది, నాట్లకు పోతే వీపున కట్టుకొని పోయింది, ఏడిస్తే ఉంది, నవ్వితే ఉంది, ఉండటం తప్ప అవ్వ ఇంకేమీ చేయలేదు.

మరి తను, పురుడు నాడు ఒకసారి, ఆ తరువాత మూడో నెలలో ఒక పూట, ఇదిగో ఇవ్వాళ ఒక పూట, వచ్చినప్పుడల్లా చెప్పులు కూడా చల్లబడకముందే బిడ్డను ఎత్తి గడప దాటిద్దామని చూశాడు, దారిన పోయే వాడెవడో వచ్చి ఎత్తుకుపోతుంటే ఏ బిడ్డ నవ్వుతుంది, ఏడ్చి మంచి పనే చేసింది, తెలివిగల బిడ్డ, అచ్చం అవ్వే, ఎల్లేశానికి ఉన్నట్టుండి నవ్వు వచ్చింది, నవ్వులోనే కళ్ళు తడిశాయి, ఈసారి లవంగం వల్ల కాదు, లేచి లోపలికి పోయి, అత్తా, నేను ఇయ్యాల పోను, రేపు సుత పోను, గీ నెల ఎల్లేదాక ఈడనే ఉంట, బాయికి కబురు పంపుత, ఒప్పుకుంటె ఒప్పుకుంటరు, లేకుంటె లేదు అన్నాడు, అత్త నోరు తెరిచింది, అల్లుడు ఇల్లరికం ఉంటడా ఏంది అని యాదవ్వ అందుకుంది, వంటింట్లోంచి మాత్రం అనసూర్య ఇంకో గిద్దెడు బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది, ఎల్లేశం తిరిగి అరుగు మీదికి వచ్చి, నోట్లో మిగిలిందంతా అరుగు పక్కన ఉమ్మేసి, నీళ్ళతో ఒట్టిగా పుక్కిలించి, మామ పక్కన కాస్త ఎడంగా చాప పరుచుకొని పడుకున్నాడు, పాపను ముట్టలేదు, పిలవలేదు, కళ్ళు తెరిస్తే కనబడేంత దూరంలో ఊరికే ఉన్నాడు, ఎండ అరుగు అంచు దాకా వచ్చి ఆగింది, మామ గురక, పాప గురక, నడుమ తన ఊపిరి, పాప తనను వద్దనలేదు, వద్దనాలంటే ముందు తెలిసి ఉండాలి కదా, నాన్న అంటే ఎవరో ఆ బిడ్డకు ఇంకా తెలియదు, అది ఎవరూ చెబితే తెలిసేది కాదు, బిడ్డ లేచేసరికి తను ఇక్కడ ఉండాలి, రేపు లేచేసరికి కూడా.